తెల్లచెక్క గుడికి పసుపు

మొన్న ఒక శుక్రవారం పెరుగు తోడుపెట్టుకునే మట్టి దాకలు కొనడానికి బహ్లా వెళ్లాను. నేనుండే రుస్తాఖ్‌లో దాకలు దొరకవని కాదు. కానీ బహ్లా కుమ్మరులు చేసిన దాకలో తోడుకున్న పెరుగులో గరిటె నిలబడుతుందని నాకో నమ్మకం. నా నమ్మకాల జోలికి ఎవరైనా వస్తే నాకు కోపం. దాకలు కొన్నాక కారు తోలే పెద్దమనిషిని పాత సందులోకి ఒక్కసారి తిప్పమన్నాను. పాతికేళ్ల వయసులో నేను మూడేళ్లు పనిచేసిన ఇల్లు ఆ సందు చివర ఉండాలి. ఇల్లు ఉంది. అందులో ఇప్పుడు లాండ్రీ నడుస్తోంది. పెద్ద గదిలో ఒక బంగ్లాదేశ్ మనిషి ఒమానీ మగవాళ్లు వేసుకునే పొడుగాటి తెల్ల దిష్‌దాషాలు ఇస్త్రీ చేస్తున్నాడు. చేతిలో బట్టలేవీ లేకుండా వచ్చి, ఏమీ అడక్కుండా గది కప్పు వంక చూస్తూ నిలబడ్డ నన్ను చూసి అతను కంగారుపడ్డాడు. "కప్పు కారడం లేదు అక్కా, పోయిన ఏడాదే బాగుచేయించారు" అన్నాడు హిందీలో. ఓనరు తాలూకు మనిషిననుకున్నాడు పాపం. కారితే కారనీలే నాయనా, నేను చూసేది దానికోసం కాదన్నాను. అతని ఇస్త్రీ బల్లకు సరిగ్గా పైన, గోడకు కొట్టిన అరమీద, ఒకప్పుడు ఒక జపాను దేవుడు ఉండేవాడు. ఆ మాట కూడా చెప్పి ఇంకా బెదరగొట్టడం ఎందుకని వచ్చేశాను. ఇంటికొచ్చి దాకలు ఒక మూల పెట్టి ఇది రాయడానికి కూర్చున్నాను.

నా పేరు వెంకటసుబ్బమ్మ. మాది కడప సీమలో రాయచోటి పక్కన పల్లె. పదో తరగతి పాసైన పాపానికి, నాతోపాటు మస్కట్‌లో దిగిన ఆడవాళ్లందరికీ ఉత్తరాలు రాసిపెట్టే పని నా మీద పడింది. రాయడమనే జబ్బు అక్కడే అంటుకుంది, ఇంతవరకూ నయం కాలేదు. ఏజెంటు నన్ను ఒమానీ ఇంట్లో పనికని తీసుకొచ్చి, ఆఖరికి బహ్లాలో ఒక జపాను కుటుంబం దగ్గర దింపాడు. సార్ నీళ్ల ఇంజనీరు. ఊరి బయట పెద్ద నీళ్ల ట్యాంకు కడుతున్న కంపెనీలో ఉద్యోగం. అంతకుముందు ఇండియాలో నాలుగేళ్లు పనిచేసి వచ్చాడు కాబట్టి హిందీ మాట్లాడేవాడు, నాలాగే విరగ్గొట్టి. మేడమ్ మితభాషి, పనిలో ఖచ్చితం, ఆమెతో అంతా ఇంగ్లీషే. మూడో మనిషి సార్ వాళ్లమ్మ. ఆవిడను ఒబాచాన్ అనేవాళ్లు, మనం అవ్వా అన్నట్టు. నేనూ అలాగే పిలిచాను. ఒబాచాన్‌కు జపాను మాట తప్ప మరో మాట రాదు, నేర్చుకునే ఉద్దేశం కూడా లేదు. నా పేరు మాత్రం మూడు రోజులు సాధన చేసి, వెంకటను వదిలేసి, సుబ్బా-సాన్ దగ్గర స్థిరపడింది, సాన్ అంటే మన గారు లాంటిది. ఆవిడ వాళ్లూళ్లో చిన్న షింటో గుడి పూజారి కూతురు, షింటో అంటే వాళ్ల దేశపు పాతకాలం మతం. ఆ గుళ్లో ఇచ్చిన దేవుణ్ణి, ఆయన చెక్క ఇంటిని సామాన్లలో వేయకుండా విమానంలో ఒళ్లో పెట్టుకుని ఒమాన్ దాకా తెచ్చుకుంది.

ఆ చెక్క ఇల్లు రెండు జానల ఎత్తు ఉంటుంది. రంగు లేదు, పాలిష్ లేదు, ఒక్క మేకు లేదు. కొత్త పెన్సిలు చెక్కినప్పటి వాసన వచ్చేది. నాలుగు బుల్లి మెట్లు, మూసి ఉన్న రెండు బుల్లి తలుపులు, ముందు గుండ్రటి అద్దం, పైన గడ్డితో పేనిన తాడు, దానికి వేలాడే తెల్ల కాగితపు మడతలు. అంతే. విగ్రహం లేదు, పటం లేదు, బొట్టు లేదు. తలుపుల వెనక గుడి నుంచి తెచ్చిన కాగితపు రక్ష ఒకటి ఉంటుందట, అది తెరిచి చూడకూడదట. మొదటి రోజే అడిగాను. నా హిందీ కూడా రాయచోటి హిందీయే కాబట్టి ఇక్కడ మన మాటలోనే రాస్తున్నాను. "మరి దేవుడు యాడుండాడు సార్? యాడ చూసి మొక్కాల?" సార్ కాస్త ఆలోచించి అద్దంలో చూడమన్నాడు. చూశాను. "నా మొగమే కనపడతాంది సార్" అన్నాను. సార్ ఆ మాట తల్లికి చెప్పాడు. ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఊగిపోతూ నవ్వి ఏదో అంది. "అరవై ఏళ్లుగా చూస్తున్నాను, నాకూ నా మొహమే కనపడుతోంది అంటోంది" అన్నాడు సార్. ముసలామె మీద నాకు ఇష్టం పుట్టింది అప్పుడే.

ఒబాచాన్ ఉదయం మసీదులో మొదటి అజాన్ వినపడేసరికి లేచి ఉండేది. ఎడమ చెయ్యి, కుడి చెయ్యి కడుక్కుని నోరు పుక్కిలించేది. ఆ తర్వాతే కుళాయి నీళ్లలో మొదటి గిన్నెడు దేవుడికి. కుక్కర్ మూత తీయగానే ఆవిరి తగ్గకముందే మొదటి గరిటె అన్నం దేవుడికి. బుల్లి తెల్ల పళ్లెంలో ఉప్పు కుప్ప. ఎవరి నోటా పడకముందు, ఎవరి చెయ్యీ తగలకముందు. మేడమ్‌కు ఈ వరసంతా కాస్త ఇబ్బందిగా ఉండేది కానీ నాకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. ఎంగిలి అంటే ఏమిటో తెలియకుండా మా ఇళ్లల్లో ఆడపిల్ల పెరగదు. సాయంత్రానికి అవన్నీ దించి మేమే తినేవాళ్లం. ఉప్పు మాత్రం నాకు ఇచ్చేసేది. ఆ మూడేళ్లూ నా పప్పులో పడ్డ ఉప్పంతా దేవుడు చూసి వదిలిందే. పచ్చకొమ్మలు పెట్టడం దగ్గర మాత్రం చిక్కొచ్చింది. వాళ్ల దేవుడికి పెట్టే చెట్టు ఒమాన్‌లో లేదు. ఒబాచాన్ ఖర్జూరపాకు పెట్టి చూసింది, దానిమ్మ రెమ్మ పెట్టి చూసింది, ఆఖరికి పెరట్లో ఉన్న నిమ్మచెట్టుతో సరిపెట్టుకుంది. దానికి ముళ్లు. గుచ్చుకున్నప్పుడల్లా ఆవిడ దేవుడి వైపు తిరిగి ఏదో గొణిగేది. అది మంత్రం కాదని మాత్రం నాకు అర్థమయ్యేది.

దేవుడి నెత్తిన ఎవరూ నడవకూడదని ఇంకో నియమం. వాళ్ల దేశంలో పైన అంతస్తు ఉంటే, దేవుడికి సరిగ్గా పైన కప్పుకు ఒక కాగితం అతికిస్తారు. దాని మీద మబ్బు అని ఒక్క అక్షరం రాస్తారు. నీ పైన ఆకాశమే ఉంది స్వామీ, ఇంకేమీ లేదు అని దేవుడికి నచ్చజెప్పడం. ఒబాచాన్ కాగితం అతికించింది కానీ దాన్ని పూర్తిగా నమ్మలేదు. మా మేడ మీద నేను బట్టలు ఆరేసేదాన్ని. ఆవిడ నిచ్చెనమెట్లు ఎక్కి వచ్చి, సరిగ్గా దేవుడి మీదికి వచ్చే చోట సుద్దముక్కతో నాలుగు పలకల గడి గీసి, అందులో కాలు పెట్టొద్దని సైగ చేసింది. ఇక చూడండి నా అవస్థ. ఒక చేతిలో తడిబట్టల బకెట్టు, నెత్తిన నలభై అయిదు డిగ్రీల ఎండ, కింద కాలే సిమెంటు, మధ్యలో తొక్కుడుబిళ్ల ఆటలోలాగా ఆ గడి దాటడం. వానలు లేని దేశం కాబట్టి సుద్దగీత నెలల తరబడి చెరగలేదు.

దేవుడి ముందు వాళ్లు రెండుసార్లు నడుం వంచి, రెండు చప్పట్లు కొట్టి, మళ్లీ ఒకసారి వంగుతారు. ఇది నాకు ముందు ఎవరూ చెప్పలేదు. నేను అంతకుముందు మస్కట్‌లో ఒక నెల ఉన్న ఇంట్లో పెద్దామె చప్పట్లు కొట్టి పనిమనిషిని పిలిచేది. ఇక్కడ పొద్దున్నే టప్ టప్ అని రెండు చప్పట్లు వినపడగానే చేతిలో పిండి చేతిలోనే ఉండగా పరిగెత్తుకెళ్లి "వస్తిని ఒబాచాన్" అని నిలబడ్డాను. ఆవిడ కళ్లు మూసుకుని ఉంది. మర్నాడూ అంతే. వారం రోజులు దేవుణ్ణి పిలిస్తే నేను ప్రత్యక్షమయ్యాను. ఎనిమిదో రోజు ఆవిడ నా పిండి చేతులు కడిగించి, మణికట్టు పట్టుకుని తన పక్కన నిలబెట్టుకుంది. వంగమంది, వంగాను. చప్పట్లు కొట్టమంది, కొట్టాను. నా చప్పుడు గట్టిగా ఉందని మెచ్చుకోలుగా తల ఊపింది. ఆ రోజు నుంచి పొద్దున ఆ రెండు నిమిషాలు మా ఇద్దరివే. ఊరు విడిచి వచ్చాక నన్ను ఎవరైనా పక్కన నిలబెట్టుకున్నది అదే మొదటిసారి. పనిమనిషి ఎప్పుడూ వెనకో, తలుపు పక్కనో నిలబడుతుంది. నాకు ఆ గదిలో నిలబడడానికి ఒక జాగా ఉందని తలుచుకుంటే మిగతా పద్నాలుగు గంటల చాకిరీ ఒంటికి తెలిసేది కాదు.

జనవరి ఒకటో తారీఖు ఆ ఇంటికి పెద్ద పండగ. కొత్త సంవత్సరం రాగానే గుడికి పోయి మొక్కడం వాళ్లకు తప్పనిసరి. ఒమాన్‌లో గుడెక్కడిది? అందుకని మస్కట్ నుంచి, సోహార్ నుంచి పదిహేను మంది దాకా జపాను ఇంజనీర్లు, వాళ్ల ఇల్లాళ్లు సూట్లూ బూట్లూ వేసుకుని ఒబాచాన్ చెక్క ఇంటి దగ్గరికి వచ్చేవాళ్లు. ఆవిడే పూజారి, ఆవిడే మంత్రం. నెల ముందు నుంచే ఇల్లంతా దులిపేవాళ్లం. నా మూడో ఏడాది, డిసెంబరు మూడో వారంలో, చేపలకూ బంక బియ్యానికీ అని ముగ్గురూ రెండు రోజులు మస్కట్ వెళ్లారు. వెళ్తూ ఒబాచాన్ దేవుడి గది నాకు అప్పజెప్పింది. పొడి కుంచెతో దుమ్ము దులిపితే చాలని చేసి చూపించింది.

దులిపాను. దులిపి, దూరంగా నిలబడి చూశాను. ఏమిటో బోసిగా ఉంది. మూడేళ్లుగా నా మనసులో నలుగుతున్న మాట అది. పండగ పూట దేవుడి గడపకు పసుపు లేకపోవడమేమిటి, పాపం ముసలామెకు ఈ దేశంలో దొరక్క ఊరుకుందేమో అనుకున్నాను. నా పెట్టెలో మా ఊరి పసుపు ఉంది, మా కడప పసుపు, మా అమ్మ కొట్టించి పంపింది. ఆ రోజు శుక్రవారం కూడా. తలంటుకున్నాను. పసుపు చిక్కగా కలిపి ఆ బుల్లి గడపకు, తలుపు కమ్ములకు, నాలుగు మెట్లకు వేలితో నిండుగా రాసి, కుంకుమ బొట్లు పెట్టాను. నిమ్మాకులతో తోరణం కుట్టి కట్టాను. కలకల్లాడిపోయింది. అప్పటికి గానీ దేవుడి ఇంట్లో దేవుడు ఉన్నట్టు అనిపించలేదు నాకు. మర్నాడు సాయంత్రం కారు చప్పుడు వినగానే, ఎవరు ఎంత మెచ్చుకుంటారో అని చేతులు కట్టుకుని దేవుడి గది వాకిట్లో నిలబడ్డాను.

మేడమ్ చేతిలో సంచి కింద పడేసింది. ఒబాచాన్ దగ్గరికి వెళ్లి చాలాసేపు చూసింది. తన గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. సార్ నన్ను వంటింట్లోకి పిలిచి చెప్పాడు. ఆ చెక్కకు ఏ రంగూ తగలకూడదు, చెట్టు ఎలా ఇచ్చిందో అలాగే ఉండాలి, అదే దాని పూజ. మర్నాడు తెల్లారకముందే లేచి, వాళ్లు లేచేసరికి మామూలుగా చేసేద్దామని బట్టల సబ్బు తెచ్చి రుద్దాను. పసుపు మీద సబ్బు పడితే ఎర్రబడుతుందని పాలు తాగే పిల్లకు తెలుసు మా ఊళ్లో. భయంలో బుద్ధి పనిచేయలేదు. మెట్లన్నీ నెత్తుటి రంగుకు తిరిగాయి. హడలిపోయి నిమ్మకాయ పిండాను, మళ్లీ పసుపు రంగుకొచ్చింది. మళ్లీ సబ్బు, మళ్లీ ఎరుపు. తెలుపు మాత్రం రాలేదు. నేను అలా సబ్బుకూ నిమ్మకాయకూ మధ్య తిరుగుతుండగా మేడమ్ వచ్చి చూసింది. పండగ అయ్యాక నన్ను ఊరికి పంపేస్తామని, ఈలోగా దేవుడి గదిలో అడుగు పెట్టొద్దని నెమ్మదిగా, ఒక్కొక్క మాటా విడివిడిగా చెప్పింది. ఏజెంటుకు ఫోన్ కూడా చేసింది. ఆ మాటల్లో నాకు ముందు గుచ్చుకున్నది ఊరికి పంపడం కాదు, రెండోది. మర్నాడు పొద్దున రెండు చప్పట్లు వంటింట్లోంచి విన్నాను. ఒక్క మనిషివే. పొయ్యి ముందు కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

మూడో రోజు రాజయ్యన్న వచ్చాడు. ఈయనది జగిత్యాల వైపు, వడ్లవాళ్లు, మనం వడ్రంగులంటామే వాళ్లు. సార్ వాళ్ల సైట్‌లో షట్టరింగ్ కార్పెంటర్, అంటే కాంక్రీటు పోయడానికి చెక్క అచ్చులు కొట్టే పని. మా ఇంట్లో గడియ ఊడినా తలుపు బిగుసుకున్నా సార్ ఆయన్నే పిలిచేవాడు. వచ్చినప్పుడల్లా నేను పప్పూ చారూ పెట్టేదాన్ని, ఆయన నన్ను చెల్లె అనేవాడు. మచ్చలుపడ్డ చెక్క ఇల్లు దించి తెల్లగుడ్డ మీద పెట్టి ఉంది. నా కథంతా విని ఓదారుస్తాడనుకుంటే ఆయన ఆ ఇంటి చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు.

"ఓ చెల్లె, గిదేంది గిట్లున్నది! ఒక్క మొల లేదు. గీ అతుకు జూడు, ఎంట్రుక వట్టదు. ఎవడు జేసిండో గని వాని చేతులకు దండం వెట్టాలె."

"నా కొంప మునిగి నేను ఏడుస్తాంటే, నువ్వు అతుకులు చూస్తాండావా అన్నా?"

"ఏడ్సుడెందుకు? ఇంకోటి జేస్తే అయిపాయె."

ఆయన అంత తేలిగ్గా అనేసరికి నాకు ఒళ్లు మండింది, వెంటనే ఆశ కూడా పుట్టింది. సార్ దగ్గరికి లాక్కుపోయాను. సార్ వెనకాముందూ ఆడి తల్లిని అడిగాడు. ఒబాచాన్ నా వైపు చూడకుండానే చాలాసేపు మాట్లాడింది. సార్ మాకు చెప్పిన సారం ఇది. వాళ్ల దేశంలో అన్నిటికంటే పెద్ద గుడిని ఇరవై ఏళ్లకోసారి పక్క జాగాలో మళ్లీ కొత్తగా కడతారు, పాతది విప్పేస్తారు. దేవుడు పాతవాడే, ఇల్లెప్పుడూ కొత్తది. దేవుడికి పాత చెక్క మీద మమకారం ఉండదు, అదంతా మనుషులకే. అంతా చెప్పి ఆవిడ రాజయ్యన్న చేతులు చూపించమంది. ఆయన సిగ్గుపడుతూ చాపాడు. కాయలు కాచి, సుత్తి దెబ్బకు ఒక గోరు పోయిన చేతులు. తిప్పి తిప్పి చూసి, సరేనంది.

పండగకు తొమ్మిది రోజులుంది. చెక్క ఎక్కడిదంటే, గల్ఫ్‌లో షట్టరింగ్‌కు వాడే పలకలనే అందరూ వైట్‌వుడ్ అంటారు. సిమెంటు చుక్క పడని కొత్త పలకలు సార్ స్టోరు నుంచి ఇప్పించాడు. పనికి ముందు స్నానం చేయాలని, నోరు పుక్కిలించాలని, ఉతికిన తెల్లబట్టలు కట్టాలని, చెక్క మీద ఊపిరి తగలకుండా తక్కువ మాట్లాడాలని ఒబాచాన్ నియమాలు పెట్టింది. రాజయ్యన్న అక్కడితో ఆగలేదు. "నిష్ట అంటే నిష్టనే" అని కోడికూర మానేశాడు, బీడీ మానేశాడు, చెప్పులు మానేశాడు, రూమ్‌లో మంచం దిగి నేల మీద పడుకున్నాడు. వంటలో తన వంతు వచ్చిన రోజు ఆయన పప్పే వండుతుంటే రూమ్‌లో వాళ్లు నన్ను తిట్టుకున్నారట. డ్యూటీ దిగి నాలుగింటికి మా పెరట్లో నిమ్మచెట్టు కింద కూర్చునేవాడు. ఒబాచాన్ పక్కన చిన్న స్టూలు వేసుకునేది. ఇద్దరికీ ఒక్క ఉమ్మడి మాట లేదు. ఆవిడ చెక్కను వేలి కణుపుతో కొట్టి చూసి తల అడ్డంగా ఊపేది. ఆయన "సమజైంది అవ్వా" అని ఇంకో పలక తీసేవాడు. ఆవిడ రెండు చేతుల వేళ్లూ ఒకదాంట్లో ఒకటి దూర్చి చూపిస్తే, అది ఏ అతుకో ఆయనకు తెలిసిపోయేది. వాళ్లకు టీ ఇవ్వడానికి పోయినప్పుడు ఒకసారి ఆయన అన్నాడు, "పన్నెండేండ్ల సంది ఈ దేశంల షట్టర్లే కొడుతున్న చెల్లె. కాంక్రీటు పోసుడు, గట్టివడంగనే నేను జేసింది ఊడవీకుడు. నేను జేసినది ఒక్కటన్న నిలవడ్డదా? ఇన్నేండ్లకు ఒకటి నిలవడ్తది." నేను వంటింటి కిటికీలోంచే ఆ తొమ్మిది సాయంత్రాలూ చూశాను. ఒబాచాన్ నాతో కోపంగా ఏమీ లేదు. అన్నం పెడితే తినేది, తల ఊపేది. పొద్దున మాత్రం ఒక్కతే చప్పట్లు కొట్టుకునేది.

డిసెంబరు ఆఖరి రోజు సాయంత్రానికి ఇల్లు తయారైంది. పాతదాని కంటే కాస్త బొద్దుగా, మన దర్వాజా పోలిక ఒకటి ఎక్కడో కనిపిస్తూ, ఎంత ముద్దొచ్చిందో. ఇక లోపలికి తీసుకుపోవడమే. అప్పుడు రాజయ్యన్న దాన్ని ఒళ్లో పెట్టుకుని కదలకుండా కూర్చున్నాడు.

"గడపకు పసుపు వెట్టి, బొట్టు వెట్టి, టెంకాయ కొట్టకుంట వడ్లోడు ఇల్లు ఇయ్యడు చెల్లె. మా నాయిన ఇయ్యలే, మా తాత ఇయ్యలే. ఒట్టిగ ఇస్తే అందులుండేటోళ్లకు మంచిది గాదు. దేవుడైతె మాత్రం?"

"అన్నా, నీ కాళ్లు మొక్కుతా. దానికోసరమే గదా నా బతుకు ఇట్లయింది! ఇచ్చేయన్నా."

"నువ్వేమన్న అను. ఇయ్య."

మేడమ్ గడియారం చూసుకుంది. సార్ నా మొహం, ఆయన మొహం చూశాడు. ఒబాచాన్ ఏమిటని అడిగింది. చెప్పాల్సింది నేనే. పది రోజుల తర్వాత ఆవిడతో నేను మాట్లాడిన మొదటి మాటలవి. మాట్లాడుతుంటే ఏడుపొచ్చింది, ఏడుస్తూనే చెప్పాను, సార్ జపానులోకి మార్చాడు. "అది సింగారం గాదు ఒబాచాన్. మా యిండ్లల్లో గడపకు పసుపు లేకపోతే అది ఇల్లే గాదు. కొత్త కోడలొచ్చినా, బిడ్డ పుట్టినా, దేవుడొచ్చినా ముందు గడపకే పూస్తాం. లోపలికి రా, ఈడనే ఉండు, యాడికీ పోవద్దు అని చెప్పడం అది. మీ దేవుడు ఇంత దూరమొచ్చి యాడ పోతాడో అని నేను అట్ల చేస్తి. పాడు చేయాలని గాదు."

సార్ చెప్పడం ముగించేదాకా ఆవిడ వింది. లేచి, రాజయ్యన్న ఒళ్లోని ఇంటి గడప మీద వేలు ఆనించింది. ఆ తర్వాత నా మణికట్టు పట్టుకుని దేవుడి గది వాకిలి దాకా నడిపించి, గుమ్మం కింద సిమెంటు గడప చూపించింది. "చెక్క ఇల్లు మాది, తెల్లగా ఉండాలి. ఈ గడప ఈ నేలది, ఈ ఇంటిది. ఇక్కడ మీ పద్ధతే. దేవుడు దీన్ని దాటే కదా లోపలికి రావాలి" అన్నాడు సార్ ఆవిడ మాటగా. రాజయ్యన్న కాస్త ఆలోచించి, గడప గడపే కదా అని ఒప్పుకున్నాడు. నేను పసుపు కలిపాను. ఒక్క వంకర పోకుండా గడప నిండా రాశాను. ఆయన కుంకుమ పెట్టి పెరట్లో టెంకాయ కొట్టాడు. ఒబాచాన్ రెండు చివర్లా చిటికెడు ఉప్పు పోసింది. లోపలి రక్షను బయటికి తీసి, మచ్చలుపడ్డ పాత చెక్క ఇంటిని కాల్చి సాగనంపారు, కొత్తదాన్ని అరమీద పెట్టారు. ఆ తర్వాత ఆవిడ రక్షకు ఊపిరి తగలకుండా రెండు పెదవుల మధ్య మడిచిన తెల్లకాగితం పట్టుకుని, తల వంచి, పసుపు గడప దాటించి దేవుణ్ణి కొత్త ఇంట్లోకి తీసుకెళ్లింది. నేను గడప ఇవతలే ఉండిపోయాను. నాకు వద్దన్నారు కదా.

మర్నాడు పొద్దున పదిహేను మందీ వచ్చారు. అందరూ బూట్లు విప్పి తెల్ల మేజోళ్లతో వరసగా నిలబడ్డారు. గడప తొక్కొద్దని ఒబాచాన్ ఒక్కొక్కరికీ చెబుతుంటే, ఆ పెద్ద పెద్ద ఇంజనీర్లు కాలు కొంగల్లా ఎత్తి దాటారు. అయినా ఒకాయన మేజోడుకు పసుపు అంటనే అంటింది, దాన్ని చూసి రాజయ్యన్నకు మహా సంతోషం. ఆయన్ను ముందు వరసలో నిలబెట్టారు, ఇల్లు కట్టినవాడని. చిన్న తెల్ల జాడీలో వాళ్ల సారా దేవుడి ముందు పెట్టారు. మా గంగమ్మకు పెట్టినట్టే. ఒబాచాన్ పాటలాంటి మంత్రం చదివింది. రెండుసార్లు వంగింది. వెనక అందరూ వంగారు. ఇక చప్పట్లు.

ఆవిడ చేతులు ఛాతీ దాకా ఎత్తి ఆపింది. కొట్టలేదు. అందరి చేతులూ గాలిలో ఆగాయి. ఒక నిమిషం గడిచింది. తర్వాత చేయాల్సింది మర్చిపోయిందేమో అన్నట్టు మేడమ్ ముందుకు వంగి ఏదో గుసగుసలాడింది. ఒబాచాన్ తల తిప్పలేదు, చేతులు దించలేదు. నేను టీ కప్పుల పళ్లెంతో వంటింటి గుమ్మం దగ్గర ఉన్నాను. సార్ ఒక్కడే వెనక్కి తిరిగి నన్ను చూసి, మెల్లగా అన్నాడు. "సుబ్బా, నీ కోసమే ఆగింది. రా." పళ్లెం ఎక్కడ పెట్టానో నాకిప్పటికీ గుర్తు లేదు. ఆ సూట్ల మధ్య నుంచి, పని చీరలో, తడి చేతులతో పోయి ఆవిడ పక్కన నా జాగాలో నిలబడ్డాను. మేడమ్ నా వైపు చూసింది, కాస్త పక్కకు జరిగి చోటిచ్చింది. అప్పుడు ఒబాచాన్ చప్పట్లు కొట్టింది, నేను కొట్టాను, గదంతా కొట్టింది. నన్ను పంపేసే మాట ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

ఇప్పుడు నాకేం తక్కువ లేదు. ఊరికి పోయినప్పుడల్లా పెద్ద పెద్ద గుళ్లన్నీ తిరుగుతాను. లైన్లో గంటలకు గంటలు నిలబడతాను, దేవుడి ముందు అర నిమిషం కూడా కాకుండానే జరుగమ్మా జరుగు అని తోసేస్తారు. నేను జరుగుతాను, కోపం కూడా రాదు, వెనక ఎంతమంది ఉన్నారో నాకు తెలుసు. కానీ పదిహేను మంది పెద్దవాళ్లను, వాళ్ల దేవుణ్ణి, ఒక కొత్త సంవత్సరాన్ని, వంటింట్లో ఉన్న మనిషి వచ్చేదాకా ఆగమన్న ముసలామె మాత్రం నాకు మళ్లీ ఎక్కడా కనపడలేదు.